రన్ అంటే ఒక్క పరుగేనా

ముప్పై తొమ్మిదేళ్ల వయసులో నేను మళ్ళీ ఇంగ్లీషు పరీక్షకు కూర్చున్నాను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో హెల్పరుగా పదకొండేళ్లు చేశాక, గుమస్తా పోస్టులకు డిపార్ట్‌మెంటు పరీక్ష పెడుతున్నామని నోటీసు వచ్చింది. రూల్సు, లెక్కలంటే నాకు భయం లేదు. భయమంతా ఇంగ్లీషు పేపరు గురించే.

ప్రేమ్ బజార్‌లో అద్దె గదిలో ఉండి భాషల మీద పరిశోధన చేసుకుంటున్న ఒక బెంగాలీ అమ్మాయి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుందని తెలిసి, డ్యూటీ దిగాక సైకిలు మీద వెళ్ళేదాన్ని. నాకంటే పదేళ్లు చిన్నది. నేను మేడమ్ అనేదాన్ని, ఆమె నన్ను దీదీ అనేది.

ఒకరోజు ఆమె రన్ అనే మాట తీసుకుంది. లావుపాటి డిక్షనరీ నా ముందు తెరిచింది. ఆ ఒక్క మాటకే పేజీలకు పేజీలు ఉన్నాయి.

"దీదీ, ఇది చిన్న మాటే. కానీ పరీక్షల్లో దీన్నే అడుగుతారు. ముందు సమానార్థకాలు రాసుకోండి," అని డాష్, స్ప్రింట్, రేస్, జాగ్ అని చెప్పింది. ఆ నాలుగూ బట్టీ పట్టుకుంటూ సుభాష్‌పల్లిలో మా ఇంటికి వచ్చాను.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. గూడ్సు బండి డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తొమ్మిదో తరగతి దాటలేదు. నేను వంటింట్లో గొణుక్కుంటుంటే విని లోపలికి వచ్చాడు.

"ఏటమ్మా అది, డాష్ డాష్ అంటన్నావు?"

"రన్‌కి ఇంకో మాట నాన్నా."

"ఎవులు సెప్పినారు? మా లైనులో డాష్ అంటే గుద్దీడం. ఆ మాట డ్రైవరు దగ్గర అనకు."

నాకు నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"సూడు. బండి స్టేషన్లో నిలబడి ఉన్నాది. ఇంజను ఆపనేదు. అప్పుడు ఇంజన్ ఈజ్ రన్నింగ్ అంటామా, అనమా?"

"అంటాం."

"మరి పరిగెడతందేటి? అంగుళం కదల్లేదు గదా."

నేను పొయ్యి కట్టేసి పుస్తకం తెచ్చుకున్నాను. ఆయన చెబుతూ పోయాడు. రిపేరైన ఇంజన్ని నడిపి చూస్తే ట్రయల్ రన్. డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునేది రన్నింగ్ రూము. "అక్కడ పరిగెత్తినోడు ఎవుడూ నేడు, అందరూ గురక్కొట్టేవోలే" అన్నాడు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు నడిపే మా పక్కింటావిడను కూడా వదల్లేదు.

"ఆవిడ షాపు రన్ సేస్తంది. పొద్దున కూకుంటే మాపటి దాకా కుర్సీ లోంచి లెగదు."

కుళాయిలో నీళ్లు రన్, ముక్కు రన్, జ్వరం రన్. ఆయన చెప్పిన ప్రతిదానికీ నేను డిక్షనరీలాగా ఇంకో మాట వెతకసాగాను. ఇంజనుకు వర్క్, షాపుకు మేనేజ్, నీళ్లకు ఫ్లో. ఒక్కొక్కటీ సరిగ్గా అతికినప్పుడల్లా ఒళ్లు ఝల్లుమనేది. ఇన్నేళ్లూ రోజూ చెవిన పడుతున్న మాటలే ఇవి. ఇంగ్లీషు నాకు రాదనుకున్నాను కానీ, అది మా ఇంట్లోనే తిరుగుతోందని తెలియలేదు.

"మన తెలుగే నయం నాన్నా. మనకి బండి నడుస్తాది, కొట్టు నడుస్తాది, ఇల్లు నడుస్తాది. వాళ్లకి అన్నీ పరిగెత్తాల్సిందే," అన్నాను.

"నిజివేనే," అని ఆయన కూడా మొదటిసారి నవ్వాడు.

ఆ ఊపులో నేనే అడిగాను, "రన్ ఓవర్ అంటే తొక్కీడమే కదా నాన్నా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "స్టేషన్ మాస్టరుకిచ్చే మెమోలో రాసినాను ఆ మాట. రెండుసార్లు," అన్నాడు. "ఒకసారి గేదె." రెండోది ఏమిటో చెప్పలేదు. లేచి వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు. ముప్పై ఏళ్లకు పైగా బండి నడిపిన మనిషి ఇంట్లో ఏనాడూ ఎత్తని సంగతి అది. నేను పుస్తకంలో ఆ మాట కొట్టేశాను. అన్నం పెట్టి పిలిస్తే వచ్చి మామూలుగానే తిన్నాడు.

పరీక్ష రోజు ఇంగ్లీషు పేపరు చేతికి రాగానే పైనుంచి కిందికి చూశాను. నాలుగో ప్రశ్న దగ్గర కళ్లు నిలిచిపోయాయి. రన్ అనే క్రియను ఐదు వేర్వేరు అర్థాల్లో వాడి వాక్యాలు రాయండి, ప్రతి అర్థానికీ సమానార్థకం ఇవ్వండి.  మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దాని మీద పడ్డాను. స్టేషన్లో ఆగి ఉన్న ఇంజను, కుర్చీలోంచి లేవని కొట్టావిడ, కుళాయి, జ్వరం, రోజూ హౌరాకు వెళ్లే లోకల్ బండి. ఐదూ అయిపోయాయి. పెన్ను ఆగలేదు. ఆరు, ఏడు, తొమ్మిది రాశాను.

తల ఎత్తేసరికి పది నిమిషాలే మిగిలాయి. సెలవు చీటీ రాయమన్న ప్రశ్న అలాగే ఉంది. గబగబా మొదలుపెట్టాను. సంతకం దగ్గరికి రాకముందే కాగితాలు లాగేసుకున్నారు.

ఇంటికి వచ్చి సంగతి చెబితే నాన్న నెత్తి కొట్టుకున్నాడు.

"ఐదడిగితే తొమ్మిదెందుకు రాసినావు?"

"ఆపలేకపోయినాను నాన్నా."

"సిగ్నల్ పడితే ఆగాల. అదైనా నేర్పనేదా నీకు?"

తర్వాతి నెలంతా మా ఇద్దరికీ ఆ సెలవు చీటీ మీదే ధ్యాస. ఇంకో నాలుగు లైన్లు రాసుంటే ఎన్ని మార్కులు వచ్చేవో ఆయన రోజుకో లెక్క చెప్పేవాడు.

పాసైనవాళ్ల జాబితా పెట్టిన రోజు నోటీసు బోర్డు దగ్గర మగవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. వాళ్ల భుజాల మీదుగా చూస్తే పైన ఎక్కడా నా పేరు లేదు. చిట్టచివరి పేరు నాది. నా పేరు కింద గీత గీసి ఉంది. రెండుసార్లు వేలు పెట్టి చదువుకున్నాను. ఫోన్ చేస్తే నాన్న, "ఆఖరి పెట్టె కూడా స్టేషన్‌కి సేరుతాది గదా," అన్నాడు. 

ఆ సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతోపాటు ప్రేమ్ బజార్‌కు వచ్చాడు. మేడమ్‌కు మిఠాయి పొట్లం ఇచ్చాడు. ఆమె బాబాయ్ అనే అర్థంలో కాకు అని పిలిచి ఆయన కాళ్లకు దండం పెట్టింది. ఆయన కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత కూర్చుని, బెంగాలీలో, డాష్ అనే మాట తప్పని ఆమెతో వాదం వేసుకున్నాడు. ఆమె డిక్షనరీ తీసి చూపించింది. ఆయన దాన్ని పక్కకు జరిపి, ట్రయల్ రన్, రన్నింగ్ రూమ్ అంటూ తన మాటలు ఏకరువు పెట్టి, పుస్తకం రాసినవాడు ఎప్పుడైనా ఇంజను ఎక్కాడా అని అడిగాడు.

ఆమె డిక్షనరీ మూసేసింది. ఒక నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీసి, "రన్నింగ్ రూమ్ నుంచి మొదలుపెట్టండి కాకు, నెమ్మదిగా చెప్పండి," అంది. నేను ముగ్గురికీ టీ చెప్పడానికి కిందికి దిగాను.