సీసా మీది మాట

జమ్ములమ్మ వస్తోందంటే గట్టు ఊళ్లో ఎవరూ తల తిప్పి చూడనక్కర్లేదు, వావిలాకు వాసనే ముందొచ్చి చెబుతుంది. వాగు ఒడ్డున కోసుకొచ్చిన ఆకును రాగి పాత్రలో ఉడికిస్తుంది. ఆవిరి గొట్టంలో చల్లారి దిగాక, నీళ్ల మీద తేలిన నూనెను చెంచాతో తీసి, ఒక చుక్క మణికట్టుకు రాసుకుని వాసన చూశాకే సీసాలో పోస్తుంది. మొన్న గద్వాల వ్యాపారి శ్రవణ్ కుమార్ ఖాళీ సీసాలు తెచ్చి దించాడు. ప్రతి సీసా మీదా 'వైరస్‌ను చంపును' అని అచ్చేసిన కాగితం ఉంది. ఆమె వాటిని నీళ్ల తొట్టిలో ముంచి, పసరుకు నల్లబడ్డ గోటితో ఒక్కో కాగితాన్నీ గీకసాగింది.

"ఏందక్కా గిది?" అన్నాడు శ్రవణ్ కుమార్. "ల్యాబుల పరీక్ష చేస్తే వైరస్ చచ్చిందంట గదా."

"గాజు పళ్లెంల చచ్చింది. మనిషిల చస్తదని ఆళ్లు చెప్పలె. జలుబుకని రాయి, పోస్త."

"జలుబుకంటే ఎవరు కొంటరు? నువ్వు కాకుంటే ఇంకొకరు పోస్తరు."

"పోయనీ. నా నూనె మీద ఆ మాట ఉండదు." ఆమె గీకడం ఆపలేదు. "కరోనాల మా ఆయనకు దవాఖాన వద్దని గీ ఆకు ఆవిరే పట్టిన. ముక్కు తెరుసుకుంది. పానం నిలవలె."