పొద్దు గూకేలోపు

శుక్రవారం పొద్దున పెరట్లో మొహం కడుక్కుంటుంటే పక్కింటి సారు భార్య గోడ మీదుగా పిలిచింది. ఆవిణ్ణి నేను అమ్మ అనే పిలుస్తాను. "మీ సారు పోయారు బాబూ. నిద్రలోనే" అంది. వెంటనే ఇంకో మాట అంది: "సాయంత్రంలోపు అయిపోవాలి." ఆ మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. బేగంపేటలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలించడం నా ఉద్యోగం. అనుమానించడానికే నాకు జీతమిస్తారు.

మా బోయిన్‌పల్లి సందులో ఆయన అందరికీ సారే. గుంటూరు జిల్లా నుంచి వచ్చి, బళ్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టి, నడివయసులో చర్చి మానేశారు. తాము అసలు యూదులమని, తాతముత్తాతల నుంచీ అంతేనని చెప్పేవారు. వాళ్ల ఊరి వైపు అలా నమ్మే కుటుంబాలు కొన్ని ఉన్నాయట. శనివారం వాళ్లింట్లో పొయ్యి వెలిగేది కాదు. అదేదో చేతబడి అనేవాళ్లు సందులో కొందరు. నా అనుమానం వేరు.

"ఇజ్రాయెల్ పోనీకే గదా సార్ గిదంతా?" అని మొహం మీదే అడిగాను.

ఆయనకు కోపం రాలేదు. "అక్కడి ఆఫీసరు కూడా నీలాగే అడుగుతాడు. కూర్చో, టీ తాగు" అన్నారు. అప్పటి నుంచి ఆదివారం టీ మాకు అలవాటైంది. ఆయన చెప్పడం, నేను అడ్డం పడటం. యూదులను ఏ రేవులోనూ దిగనివ్వక వెనక్కి తిరిగిన ఓడల గురించి, వాళ్లను చంపిన శిబిరాల గురించి, తర్వాత పుట్టిన దేశం గురించి ఆయన దగ్గరే విన్నాను. ఆ దేశం పుట్టినప్పుడు ఇళ్లు పోగొట్టుకున్న అరబ్బుల సంగతీ ఆయన దాచలేదు.

"అక్కడ యూదులం కాదని దాక్కున్నవాళ్లను వెతికి మరీ చంపారు. ఇక్కడ యూదులమంటే ఒక్కడూ నమ్మడు" అని ఒకసారి నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఒకసారి విదేశం నుంచి ఇద్దరు యూదులు ఆయన్ని చూడటానికి వచ్చారు. మధ్యాహ్నం దాకా ప్రశ్నలు వేశారు. అమ్మ ఇచ్చిన టీ ముట్టకుండా తమ సీసాల్లో నీళ్లే తాగారు. వాళ్లు వెళ్లాక సారు ఆ కప్పుల వైపే చూస్తూ కూర్చున్నారు.

"తిండి విషయంలో వాళ్లకు నియమాలున్నాయి, నాకు తెలుసు. కానీ మా ఊళ్లో టీ కొట్టు దగ్గర మాకు వేరే గ్లాసు ఉండేది. ఇది ఏ నియమమో అని అనుమానంగా ఉంది" అన్నారు.

ఆయన అనుమానపడగా చూడటం నాకదే మొదలు. చాలా బాధేసింది. చల్లారిన ఆ రెండు కప్పులూ మేమిద్దరం తాగేశాం.

యూదులు శవాన్ని ఉంచరు, వీలైతే ఆ రోజే పూడుస్తారు. శుక్రవారం పొద్దు గూకితే విశ్రాంతి దినం మొదలు, ఇక మట్టి ముట్టరు. ఇదీ ఆయన చెప్పిందే. తనను యూదుడిగానే మట్టిలో కలపమని అమ్మను కోరారు. ఆవిడ పుట్టింటివాళ్ల చర్చి శ్మశానంలో ఒక మూల చోటిచ్చారు. ఐస్‌బాక్సు తెప్పించి చుట్టాల కోసం ఆగే మా సందుకు మాత్రం ఈ తొందర మింగుడుపడలేదు. ఎవరో పోలీసులకు ఫోను చేశారు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చాడు. "ఏందమ్మా గింత జల్దీ? ఏం దాస్తున్నరు?" అన్నాడు.

"మాది యూదుల ఆచారం బాబూ" అంది అమ్మ.

ఎస్సై నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. వీళ్లు నిజంగ యూదులేనా?"

ఏళ్ల తరబడి నేను అడిగిన ప్రశ్నే అది. రుజువు నా దగ్గర ఇప్పటికీ లేదు. "అవును సార్" అన్నాను. "పొద్దున చూసిన డాక్టరును అడగండి, పెద్దాయన ఒళ్లంతా చూస్కోండి. పొద్దుండంగనే పోనియ్యండి, చాలు."

అతను డాక్టరుతో మాట్లాడాడు, అంతా చూశాడు. అయినా నమ్మకం కుదిరినట్టు లేదు. జీపులో శ్మశానం దాకా మా వెనకే వచ్చాడు.

అక్కడ గుంత సగమే అయింది. కింద రాయి తగిలింది. పొద్దు వాలిపోతోంది. అమ్మ పడమటి వైపే చూస్తూ నిలబడింది. ఎస్సై కాసేపు ఆవిణ్ణే చూశాడు. తర్వాత గుంత దగ్గరికి వెళ్లి, "జెర జల్దీ కానియ్యండి, పొద్దు గూకుతున్నది" అన్నాడు. తన వెంట వచ్చిన కానిస్టేబులుకు గడ్డపార అందించాడు. సారు మీద మట్టి కప్పుతున్నంతసేపూ అతను మాకు వీపు పెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, సూర్యుణ్ణే చూస్తూ నిలబడ్డాడు.