గోడ వెంబడి నడిచిన పాప

దేవుడిని నమ్మిన దాన్ని. దయ్యాలను కూడా నమ్మాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. బడికి పోలేదు గానీ, నాయన ఇంట్లోనే చదవడం, రాయడం నేర్పాడు. ఆయన పుణ్యమా అని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వికారాబాద్. పుట్టిల్లు తాండూరు. ఆ ఇంటి నడిమింట్లో పెద్ద పెద్ద బండలు పరిచి ఉండేవి. మా అమ్మ ఆ గదిలో ఏనాడూ నడుమ నుంచి నడవలేదు. చంకలో నీళ్ల బిందె ఉన్నా సరే, గోడ వెంబడి చుట్టూ తిరిగి వచ్చేది. ఎందుకని అడిగితే, "ఏమో బిడ్డా, గుండె దడదడ అంటది" అనేది. మేమంతా నడుమ నుంచే తిరిగాం. మాకేమీ కాలేదు.

అమ్మ పోయిన చాలా ఏళ్లకు నా మనవరాలు పుట్టింది. నడక వచ్చాక దాన్ని మొదటిసారి తాండూరు తీసుకుపోయాం. వికారాబాద్‌లో ఇల్లంతా ఉరికే పిల్ల, ఆ గదిలో గోడ పట్టుకుని నడిచింది.

దాని తల్లి, నా బిడ్డ సునీత, హైదరాబాద్‌లో ఒక ల్యాబులో ఎలుకల మీద పని చేస్తుంది. చూసి నవ్వింది. "నా ఎలుకలు గిట్లనే జేస్తయమ్మా."

నేలకు ఎత్తుగా నిలబెట్టిన, కూడిక గుర్తులా ఉండే చెక్క మీద ఎలుకలను వదులుతారట. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఒక జీన్ మార్చిన ఎలుకల మెదడులో కణాల మధ్య కబుర్లు వేరుగా నడుస్తాయట. అవి గోడలున్న దారులు దాటి రావు. వేరే తల్లి దగ్గర పెరిగినా అంతేనట.

"అయితే మా అమ్మ భయం దీనికొచ్చిందంటవా?"

"అమ్మమ్మ నీకు కమ్మలిచ్చింది, దీనికి భయమిచ్చింది తియ్."

ఆ అలవాటు మాన్పిద్దామని నేనే పప్పన్నం కలిపి, పళ్లెం నడుమ బండ మీద పెట్టి, ఇవతలికి వచ్చి కూర్చుని పిలిచాను. పాప ఆకలి మీద ఉంది. అయినా కదలలేదు. గోడకు వీపు ఆనించి ఏడ్చింది. విసుగొచ్చి, ఎత్తుకెళ్లి పళ్లెం ముందు కూర్చోబెడదామని లేచాను.

అప్పుడే బండ కుంగింది. పెద్ద చప్పుడు కూడా లేదు. పళ్లెంతో సహా లోపలికి పోయింది.

కింద పాత కాలంలో జొన్నలు దాచుకున్న పాతర. నిలువెత్తు మనిషి మునిగేంత లోతు. ఇల్లు నాయన కొన్నది. పాతర సంగతి ఆయనా ఎప్పుడూ అనలేదు, వాడకట్టులో ముసలివాళ్లకూ తెలియదు.

సునీత పాపను ఎత్తుకుని గోడ పక్క నుంచే గుంతలోకి తొంగి చూసింది. తర్వాత తనే అంది. "భయం రక్తంల వస్తదమ్మా. ఏ బండ కింద గుంత ఉన్నదో అది రాదు."

పాతర పూడ్చి కొత్త బండ వేయించాం. మళ్లీ పోయినప్పుడు పాప గడప దాటగానే నడుమ నుంచి ఉరికింది. పూడ్చామని దానికి మాలో ఎవరమూ చెప్పలేదు.

పాప దక్కినందుకు రోజూ పొద్దున దేవుడికి దండం పెట్టుకుంటాను. ఆ దండంలో అమ్మకు ఎంత వాటా ఉందో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.