దక్షిణపు గోడలో గుమ్మం

దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళను నేను ముఖం మీదే ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ నాకు ఆ నమ్మకం కుదరలేదు. అయినా గల్ఫ్‌లో, సబ్హాన్‌లో పట్టపగలు చూసినదాన్ని చూడలేదనలేను.

తొంభైల చివర అక్కడొక వడ్రంగి షాపులో ఫోర్‌మన్‌గా ఉండేవాణ్ణి. మాది కోనసీమ. నా కింద పనికి చేరిన ఏసురత్నానిది మా పక్క ఊరే. వాళ్ళ పేట ఊరికి ఎటువైపు ఉంటుందో నాకు తెలుసు. అందుకే అతను వస్తున్నాడనగానే వాటర్ కూలర్ పక్కన గోడకు మేకు కొట్టి, వేరే స్టీలు గ్లాసు తగిలించాను.

అతను దాన్ని చూసి నవ్వాడు. "ఆయ్, నాకంటే ముందే నా గ్లాసు విమానం ఎక్కొచ్చేసిందండి," అన్నాడు.

ఆ ఏడాది ఒక ఫ్రెంచ్ ఇంజనీరు తన ఊరి చర్చికి చెక్క నమూనా చేయించుకోవడానికి వచ్చాడు. ఫ్రాన్సులో దక్షిణాన కొండల్లో ఒక పల్లెటూరు. తొమ్మిది వందల ఏళ్ళు దాటిన కట్టడమట. బారెడు మందం రాతి గోడలు, సన్నటి కిటికీలు, తూర్పు చివర అర్ధచంద్రంలా తిరిగిన గది. గోపురం లేదు. పడమటి గోడనే పైకి లేపి, అందులో కంతలు విడిచి గంటలు వేలాడదీశారు. మధ్యలో ఏదో యుద్ధంలో కప్పు తగలబడితే మళ్ళీ వేశారట. కట్టినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవనీ, రాళ్ళ మీద ఎవరికి వారు చెక్కుకున్న గుర్తులే మిగిలాయనీ చెప్పాడు.

ఆయన ఇచ్చిన కొలతల బొమ్మల్లో దక్షిణపు గోడకు రెండు కిటికీలు తప్ప ఇంకేమీ లేవు.

రత్నం మూడు నెలలు దాని మీదే కూర్చున్నాడు. గోరంత రాళ్ళ మీద ఆ గుర్తులు కూడా చాకు మొనతో గీశాడు. అడుగున తన గుర్తొకటి పెట్టుకుంటానని అడిగాడు. అక్కర్లేదన్నాను.

ఇంజనీరు వచ్చి చూసి, ఇది ఎవరి చెయ్యి అని అడిగాడు. నాదేనన్నాను. రత్నం నా వెనకే ఉలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెళ్ళాక, "ఆయనకి నచ్చిందాండి?" అని ఒక్కటే అడిగాడు.

ఆ తరవాత అతని మొహం చూడలేకపోయాను. మేనేజరుకు చెప్పి అల్ రాయ్‌లో ఉన్న మా గోదాముకు మార్పించాను. బరువులు మోసే పని, పైన ఎండ. మూడో వారంలో అక్కడే కుప్పకూలి చనిపోయాడు. శవాన్ని ఇంటికి పంపే రోజున షాపంతా వెళ్ళింది. నేను పనుందని ఉండిపోయాను.

నమూనాను గాజు పెట్టెలో పెట్టి మరలు బిగించి వాటి మీద రంగు పూసింది నేనే, అతను పోయాక. అదే రోజు నాలుగు వైపులా ఫొటోలు తీశాను.

ఇంజనీరు దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు, ఉదయం పదింటికి పెట్టె మీద గుడ్డ లాగాను. దక్షిణపు గోడలో, ఒక మూలగా, గుమ్మం ఉంది. పెద్ద గుమ్మంలో సగం ఎత్తు కూడా లేదు. పక్కనే చింతగింజంత నీళ్ళ తొట్టి. మరల మీద రంగు చెదరలేదు. కొత్తగా ఉలి పడిన అంచు ఏ వడ్రంగికైనా తెలుస్తుంది. ఇది అలా లేదు. గడప నడిమి అరిగి గుంటపడి ఉంది.

ఇంజనీరు గాజుకు మొహం ఆనించి చూశాడు. ఆ గుమ్మం నిజంగానే ఉండేదట. వాళ్ళ తాతల నాడే రాళ్ళతో పూడ్చి సున్నం కొట్టేశారట. ఊరు అంటరానివాళ్ళంటూ దూరం పెట్టిన కొన్ని కుటుంబాలవాళ్ళు అందులోంచి వంగి లోపలికి వచ్చేవారు. వాళ్ళు వేళ్ళు ముంచే పవిత్ర జలానికి వేరే తొట్టి. వాళ్ళలో ఎక్కువమంది వడ్రంగులే. సిగ్గేసి బొమ్మలో వెయ్యలేదన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఇది నేను చెయ్యలేదు సార్," అన్నాను, వచ్చీరాని ఇంగ్లీషులో. "ఇందులో ఏదీ నేను చెయ్యలేదు. రత్నమని, మా వైపు మనిషి."

"పిలువు."

పిలవడానికి మనిషి లేడని చెప్పాను.

పెట్టె బిగించిన నాటి ఫొటో ఇంకా నా దగ్గరుంది. దక్షిణపు గోడకు రెండు కిటికీలే ఉన్నాయి, గుమ్మం లేదు. ఫొటో అంచున కూలరు, గోడకు మేకు, మేకుకు గ్లాసు. ఆ గుమ్మం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. గ్లాసు తగిలించింది మాత్రం నేనే.