మెరుపు లేని గింజలే కావాలన్న మా వరహాలమ్మ పిన్ని

పోయిన వారం తెల్లవారుజామున మా తమ్ముడు ఫోన్ చేసి వరహాలమ్మ పిన్ని గుండె ఆగిపోయిందంటే, "నోర్ముయ్యరా, ఏం మాటలవి!" అని కసిరాను. ముందురోజు సాయంత్రమే కదా, కాలేజీలో పాఠాలు చెబుతూ మధ్యాహ్నం తిండి మానేస్తున్నానని నన్ను దులిపేసింది! అంతటి జీవచైతన్యం ఒక్క రాత్రిలో నిశ్శబ్దమైపోయిందంటే మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. కొయ్యూరు సంతలో జిలేబీ తిన్నవాళ్లందరికీ ఆమె తెలుసు. తెలియనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

అమ్మ పోయాక మా ఇద్దర్నీ పెంచింది ఆమే. నర్సీపట్నం వైపు నుంచి కోడలిగా కొండలకు వచ్చి, చిన్నాన్న కాలం చేశాక సంతలో మూకుడు పెట్టుకుని ఒంటరిగా నిలబడింది. విద్యాగంధం స్వల్పం, వాక్పటిమ అనల్పం. ఆమె నోటికి జడిసి సంతలో తూకం తప్పేవాళ్లు కూడా సర్దుకునేవారు.

అందరిలాగే ఆమె కూడా మొదట్లో జిలేబీలో పొట్లం రంగే కలిపేది. ఒకనాడు ఆ పొట్లం మీద పేరూ ఊరూ ఏమీ లేవని గమనించి, కొట్టు షావుకారును నిలదీసింది.

"ఏటిది?"

"రంగే వదినా."

"రంగని నాకూ కనబడతంది. తినేదా, బట్టలకద్దేదా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. పిన్నికి ఒళ్లు మండింది. "తినే రంగులూ ఉంటాయంట. ఇది అదో కాదో ఆడికే తెలీదు. తెలీంది పిల్లగుంటల నోట్లో నానెలా పెడతాను?" అంటూ ఇంటికొచ్చి ఆ పొట్లం పెంటకుప్పలో పారేసింది.

తరువాతి సంతలో రంగు లేక పాలిపోయిన జిలేబీని ఎవరూ ముట్టుకోలేదు. "జొరమొచ్చిందేటి నీ జిలేబీకి?" అని వెక్కిరించారు. మా ముగ్గురికీ ఆ మూకుడే ఆధారం. ఇలాగే ఇంకొన్ని సంతలు గడిస్తే పొయ్యి ఆర్పేసి, నా చదువు మాన్పించి, కూలికి పోవలసిందే. నాకు నిజంగా భయం వేసింది. "అందరూ వేసేదే కదా పిన్నీ, వేసెయ్యి" అని బతిమాలాను. "నువ్వు తింటావేటి?" అంది.

అప్పుడు ఆమె దృష్టి జాఫ్రా మీద పడింది. ముళ్లముళ్ల కాయలో ఎర్రటి గింజలు. మా కొండల్లో విరివిగా కాస్తాయి, రంగు తీయడానికి వ్యాపారులు కొనుక్కుపోతారు. సంతలో బాగా నిగనిగలాడేవి ఏరి తెచ్చి, వాటిని గోరువెచ్చని నూనెలో నానబెట్టి, ఆ నూనె పిండిలో కలిపింది. రంగు దివ్యం! వాసన మాత్రం ఆముదం. గింజలు మెరవాలని రైతులు వాటికి ఆముదం రాస్తారని మాకేం తెలుసు? ఆ రోజంతా "ఆముదం జిలేబీ" అని సంత సంతంతా ఒకటే నవ్వు. మరొకరైతే సిగ్గుతో చితికిపోయేవారు. మా పిన్ని వాళ్లతో పాటు పడీ పడీ నవ్వి, మర్నాడు గింజలమ్మిన లచ్చమ్మను వెతుక్కుంటూ కొండెక్కింది. నేనూ ఆయాసపడుతూ వెనకే నడిచాను.

"మెరుపు లేకపోతే షావుకారు కొనడమ్మా" అంది లచ్చమ్మ.

"నాను కొంటానక్కా. ఇది నోట్లోకెళ్లే వస్తువు. సెట్టు మీద ఎలాగుందో అలాగే ఇయ్యి. ఆ మెరుపు నాకొద్దు."

లచ్చమ్మను ఆమె పల్లెత్తు మాట అనలేదు. చాపమీద కూర్చుని, ఆమె పెట్టిన రాగి అంబలి తాగి, ఆముదం తగలని గింజలు కొంగున మూట కట్టుకుని దిగింది.

ఈసారి మూకుట్లోంచి బంగారువన్నె జిలేబీ తేలింది. జనం మూగారు. ఉల్లిపాయ కూడా ముట్టని ఒక షావుకారు తల్లి మాత్రం, "ఎర్ర రంగులు పురుగులతో చేస్తారటగా?" అని వెనక్కి జరిగింది. పిన్ని ఎండుకాయ ఒకటి చిట్లించి ఆమె అరచేతిలో గింజలు రాల్చింది. "పురుగుల రంగు వేరే ఉంటదంటమ్మా. ఇది సెట్టుది, సూడండి." పెద్దావిడ వేలికంటిన ఎరుపును చూసుకుని, ఒకటి తిని, ఇంటికి పొట్లం కట్టించుకుంది. సరే, బేరం కుదిరిందని నేను ఊపిరి పీల్చుకునేలోగా పిన్ని గొంతెత్తి అందరికీ చెప్పింది: "సెట్టుదైనంత మాత్రాన అందరి ఒంటికీ పడాలని లేదు. దద్దురొత్తే బేగి మానెయ్యండి!" అమ్ముకునే మనిషి అనే మాటేనా అది! నాకు తల కొట్టుకోవాలనిపించింది. కానీ ఆ మాట విన్నాకే జనం ఆమెను పూర్తిగా నమ్మారు. ఆ నమ్మకమే మమ్మల్ని చదివించింది.

పిన్నీ, నీ ఋణం తీర్చుకోలేను. నీ కేకలు లేని ఇల్లు నాకు నచ్చడం లేదు. నిన్ను తలుచుకుని చేతులు జోడించడంతో సరిపెట్టుకోలేక, నిన్న సంతలో నేనే మూకుడు పెట్టాను. మొదటి వాయి మాడింది. రెండోది వంకరపోయింది. మనవరాలితో కొండ దిగివచ్చిన ఒక ముసలమ్మ ముక్క కొరికి, "వరాలమ్మ సెయ్యి కాదిది" అంది. కళ్లనీళ్లు ఆగలేదు. పిన్ని పోయిందని చెప్పాను. ఆమె చేతిలోని ముక్కను వెలుగుకు పెట్టి చూసింది.

"రంగు ఆ తల్లి ఏసిందేనా?"

"అదేనమ్మా."

"అయితే మా గుంటకొకటియ్యి."