కెప్టెన్ నోట మన "బేగి"

సముద్రపు దొంగల కత్తియుద్ధాల సినిమా ఒకటి ఈ రోజు తెలుగు డబ్బింగ్‌తో ఓటీటీలోకి వచ్చింది. ఆ తెలుగు మాటలు రాసింది నేనే.

డబ్బింగ్‌లో నటుడి పెదవులు కలిసిన చోట మన మాటలోనూ పెదవులు కలవాలి. ఓడ మునిగిపోతుంటే కెప్టెన్ పెదవులు బిగించి, ఒక్కసారిగా అరుస్తాడు. అక్కడ "త్వరగా" అతకలేదు, అదే అర్థమున్న మా యాస మాట "బేగి" చక్కగా కుదిరింది. అది అందరికీ అర్థం కాదేమోనని స్టూడియోవాళ్లు సందేహించారు. ఉంచారో తీసేశారో ఈ సాయంత్రం దాకా తెలియదు. అందుకే ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

టీవీ పెట్టేముందు గొలుగొండలో పుట్టిన మా నాన్నమ్మ అలవాటుగా ప్రార్థన చేసింది. సినిమాలో ఓడలోకి నీళ్లొచ్చేసరికి నేను లేచి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"బేగి రండ్రా!" అని అరిచాడు కెప్టెన్.

"ఓలమ్మో! ఈ దొంగెదవ మన గొలుగొండోడేటే?" అంది నాన్నమ్మ.

"కాదు నాన్నమ్మా, ఆ మాట నేను రాశాను."

"నువ్వా? సుట్టాలొస్తే నోరిప్పవు, ఓడంతా అదిరిపోయేలా అరిపించీసావేటి? మల్లీ ఎయ్యి!"

థియేటర్లో అయితే కుదిరేది కాదు. ఇల్లు కాబట్టి వెనక్కి తిప్పి, ఆవిడ చాలనేదాకా వేశాను.

సినిమాల్లో మా యాస నవ్వించడానికే వస్తుందనుకునేదాన్ని. ఈ రోజు మునిగే ఓడలోంచి అందరినీ బయటికి పిలిచింది.

ఆ కెప్టెన్ మీ ఊరివాడైతే ఏమని అరిచేవాడు?