అక్కయ్యకు చదవని వరుస

కార్తీక సోమవారం తెల్లవారుజామున దీపం పెట్టి లేచేసరికి, ఎదురింటి అక్కయ్య ఇక లేరని వాళ్ళ అమ్మాయి వచ్చి చెప్పింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఎవరో, "చూపు పోయినాక పాపం ఊరికే కూసోనుండేది" అన్నారు. కాదని చెబుదామనుకున్నాను గానీ, పదిమందిలో గొంతెత్తడం అలవాటు లేనిదాన్ని. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను.

అక్కయ్య మా నరసరావుపేటలోనే పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్లు చెప్పి రిటైరయ్యారు. తర్వాత షుగరు వల్ల చూపు పోయింది. ఆమె బల్ల మీద తమలపాకంత సర్క్యూట్ బోర్డు ఉండేది. అదీ కంప్యూటరేనట. కరెంటు ఇవ్వగానే ముందు తాను లేచి, తక్కిన వాటన్నింటినీ పనిలో పెట్టేదాన్ని కెర్నల్ అంటారని ఆమే చెప్పారు.

"లినక్స్ కెర్నల్ గురించి ఉద్యోగమంతా సుద్దముక్కతో చెప్పా అమ్మాయ్. నా చేత్తో తయారుచేసింది ఒక్కటన్నా లేవాల, నేను పోయేలోగా."

"అట్లా అనమాకండి అక్కయ్యా, పైన తథాస్తు దేవతలుంటారు."

టైపు చేయడానికి ఆమె వేళ్ళకు చూపు అక్కర్లేదు. పూర్తిగా లేచేదాకా ఆ బోర్డు తానై పలకలేదట, అందుకని దానికి తగిలించిన తెర మీద వచ్చేది చదివి వినిపించడం నా పని. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వెళ్ళేదాన్ని. నాది ఇంటర్ చదువు. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదువుతుంటే, గొంతు దానంతటదే సహస్రనామం వరసలోకి పోయేది. "రాగం ఆపవే. అంకె ఎంతన్నావు?" అనేవారు.

ఆమె తయారుచేసిన కెర్నల్ ఎక్కించి కరెంటు ఇవ్వగానే వరుసలు గబగబా వచ్చి ఒకచోట ఆగిపోయేవి. "చివర ఏం లేదా?" అని అడిగేవారు. లేదనేదాన్ని. కేబుల్ మార్చారు, బోర్డులో దూర్చే మెమరీ కార్డు మార్చారు. ఒకరోజు కీబోర్డు పక్కకు నెట్టి, "ఇంక నా వల్ల కాదేమోనే" అన్నారు. ఆ గొంతు విన్నాక ఉండబట్టలేకపోయాను.

"చివర ఒక వరుస ఉందక్కయ్యా. నేనే చదవలా."

"ఏందీ! ఎందుకే?"

"కెర్నల్ పానిక్ అని ఉంది, పానిక్ అంటే గాబరా అనేగా. ఒంట్లో బాగాలేని మనిషి ముందు అట్లాంటి మాట ఎట్లా అనేది?"

దగ్గు వచ్చేదాకా నవ్వారు. "పిచ్చిదానా, తథాస్తు దేవతలకి ఇంగ్లీషు రాదులే. చదువు."

చదివాను. రూట్ ఫైల్‌సిస్టమ్, అంటే కార్డులో ఉన్న దాని సామానంతా, దొరకలేదని దాని అర్థమట. "చూశావా! కార్డును చదివే ప్రోగ్రాం, ఆ డ్రైవరు, కెర్నల్లో పెట్టడమే మరిచా. పాపం అది ఎప్పుడో లేచింది, లోపలికి దారి దొరక్క గుమ్మంలోనే నిలబడింది." కీబోర్డు మళ్ళీ దగ్గరకు లాక్కుని, "చెడ్డ కబురు ముందు చెప్పమ్మాయ్. ఏం చెయ్యాలో తెలిసేది దాంట్లోనే" అన్నారు.

ఆ వారమే గుంటూరు ఆసుపత్రి నుంచి కిడ్నీల రిపోర్టు వచ్చింది. కూతురిని కాదని నా చేతికిచ్చి చదవమన్నారు. ఈసారి ఒక్క మాటా వదల్లేదు. అంతా విని, "సరే, మన పని కానిద్దాం" అన్నారు.

కొత్త కెర్నల్ తయారై కార్డులోకి ఎక్కేసరికి పొద్దు వాలింది. మొదటి నుంచీ చదువుతూ పోయాను. వరుసలు ఆగలేదు. చివరికి లాగిన్ అన్న మాట వచ్చి నిలిచింది. చదివాను.

"ఇంకేముందే?"

"చిన్న గీత అక్కయ్యా. వెలుగుతోంది, ఆరుతోంది."

"మనం ఏం చెప్తామా అని చూస్తోంది."

అక్కయ్య ఏమీ టైపు చేయలేదు. తడుముకుంటూ, పసిపిల్లకు జ్వరం చూసినట్టు బోర్డు పక్కన చెయ్యి ఆనించి, "వెచ్చగుందే" అన్నారు. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు. తెర మీద ఆ గీత వెలుగుతూ, ఆరుతూ ఉంది.